మూడో పోర్టు కబురు

ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి ఇంట్లో ఉన్నది అయిదుగురు. నానమ్మ వరండాలో పీట మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. గువ్వ వాళ్ళ అమ్మ వెనక గదిలో కుట్టుమిషను మీద ఎవరిదో చొక్కాకి కాలరు వేస్తోంది. పెద్దనాన్న నడవలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ ఫోన్లో ఎవరితోనో బేరమాడుతున్నాడు. పెద్దనాన్న కూతురు, అంటే అక్క, మేడ మీద తన గదిలో తలారబెట్టుకుంటోంది. అయిదోది గువ్వ. ముందు గదిలో కంప్యూటరు ఎదుట కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. పెద్దమ్మ పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. నాన్న మూడో వీధి మూల స్తంభానికి నిచ్చెన వేసుకుని పైన ఉన్నాడు.

ఎవరు ఎక్కడున్నారన్న లెక్క ఆ తర్వాత చాలాసార్లు తీశారు. అందరూ నిజమే చెప్పారు. మేడ మీద ఉన్న మనిషి కూడా తలారబెట్టుకున్న మాట నిజమే. ఇంకో చేత్తో ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు.

ఇంటి ముందు గదే వాళ్ళ ఆఫీసు. చుట్టుపక్కల ఆరు వీధులకి ఇంటర్నెట్ లైను ఆ గదిలోంచే వెళుతుంది. గోడకి బిగించిన ఇనుప అరలో నల్లటి పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని స్విచ్ అంటారు. లైటు వేసే స్విచ్ కాదు. ఇరవై నాలుగు పోర్టులు, వాటిలో గుచ్చిన తీగలు, వాటి పక్కన మిణుగురుల్లా ఆకుపచ్చ దీపాలు. ఒకటో పోర్టు ఒకటో వీధికి, రెండోది రెండో వీధికి, అలాగ. లోపల చిన్న ఫ్యాను పగలూ రాత్రీ గురక పెడుతూ ఉంటుంది. నానమ్మకి ఆ పెట్టె అంటే పడదు. "మీ తాత గురకే నయం, మధ్యలో ఇటు నుంచి అటు తిరిగేవాడు" అంటుంది.

ఊరికి ఒక్క వ్యాపారం, ఇద్దరు అన్నదమ్ములు. పెద్దనాన్న ఫోన్లూ మనుషులూ చూసుకుంటాడు. నాన్న స్తంభాలూ తీగలూ చూసుకుంటాడు. ఆ ఆరు వీధుల తీగా నాన్న తన చేత్తో లాగిందే. పని నాన్నది కాబట్టి వెనక రెండు గదులూ నాన్నవి. ఆ మాట ఎవరూ రాసుకోలేదు, అందరికీ తెలుసు.

ఆ గదిలో ఒక నియమం ఉంది. పెట్టె మీద ఎవరు చెయ్యి వేసినా ముందు "ముట్టుకుంటున్నా" అని గట్టిగా అరవాలి. ఇంట్లోంచి ఎవరో ఒకరు "ముట్టుకో" అని జవాబివ్వాలి. అప్పుడే ముట్టుకోవాలి. ఒకసారి నాన్న స్తంభం మీద ఉండగా పెద్దనాన్న ఏదో దులుపుతూ ఏదో లాగేశాడట, నాన్న నాలుగు గంటలు పైనే కూర్చుని బాగున్న తీగనే విప్పి కట్టి విప్పి కట్టి దిగాడట. అప్పటి నుంచీ ఈ అరుపు. వంటింట్లో ఉన్నా స్నానంలో ఉన్నా ఆ మాట వినబడితే చాలు, నోరు దానంతట అదే "ముట్టుకో" అనేస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు భయపడేవాళ్ళు.

ఈ నియమంతో గువ్వకి పెద్ద చిక్కు. గువ్వ నోట్లో నాలుక లేని పిల్ల. బళ్ళో హాజరు పలికితే మాస్టారికి వినపడక ఆబ్సెంటు పడేది. అరవమంటే గొంతు సగంలోనే జారిపోతుంది.

ఆ పిల్లని పెట్టె దగ్గర కూర్చోబెట్టింది అక్కే. అక్క పట్నంలో నెట్‌వర్క్ కోర్సు చేసి వచ్చింది. పోయిన సెలవుల్లో గువ్వని పక్కన కూర్చోబెట్టుకుని, నల్ల తెర మీద ఏ వరస కొడితే పెట్టె ఏం చేస్తుందో ఒక్కొక్కటే చూపించింది. గువ్వ అవన్నీ పొడుగాటి నోటుపుస్తకంలో రాసుకునేది. అక్క తుమ్మితే అది కూడా రాసుకునేలా ఉందని నానమ్మ ఏడిపించేది. సెలవుల ఆఖరి రోజున అక్క పెట్టెలో ఒక కొత్త పేరు తెరిచింది. "ఇకనుంచీ నా పేరు మీద కాదు, నీ పేరు మీద నువ్వు లోపలికి వెళ్ళు" అంది. పేరు 'గువ్వ'. పాస్‌వర్డు కూడా అక్కే పెట్టి, చెవిలో చెప్పింది. కావాలంటే మార్చుకోమంది. గువ్వ మార్చలేదు. మారిస్తే అక్కని నమ్మనట్టు అవుతుందనుకుంది.

మూడో వీధి గొడవ రెండు నెలలుగా నడుస్తోంది. వారానికి రెండు మూడు సార్లు ఆ వీధి మొత్తం లైను పడిపోతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు. నాన్న నిచ్చెన భుజాన వేసుకుని పరుగెత్తేసరికి దానంతట అదే వచ్చేస్తుంది. ఏ ముడి విప్పి చూసినా బాగానే ఉంటుంది. ఆ వీధిలోనే ఆసుపత్రీ, రెండు బ్యాంకులూ. వాళ్ళు పెద్దనాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు.

అక్క మొదట్నుంచీ పెద్దనాన్నతో ఒకటే మాట. "తీగ పాతదైపోయింది నాన్నా. మొత్తం తీసేసి ఫైబర్ వేద్దాం. నేను రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను."

"నా తీగకి ఇంకో పదేళ్ళు ఢోకా లేదమ్మా" అనేవాడు నాన్న.

"ఢోకా లేకపోతే ఎందుకు పడిపోతోంది బాబాయ్?"

నాన్న నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. పెద్దనాన్నకి కోపం వస్తే తీగ మీద రాదు, మనిషి మీద వస్తుంది. శుక్రవారం భోజనాల దగ్గర కంచం పక్కకి నెట్టేసి, "ఒరేయ్, ఇంకొక్కసారి మూడో వీధి పడిందంటే లైను పని బయటవాళ్ళకి ఇచ్చేస్తాను. నువ్వు నీ దారి చూసుకో. తమ్ముడివని ఊరంతా నా మీద ఉమ్మేదాకా ఆగలేను" అన్నాడు. నాన్న తలెత్తలేదు. అమ్మ గబగబా మజ్జిగ వడ్డించింది. అక్క తన కంచంలోకే చూస్తూ ఉండిపోయింది. అక్క కూడా బాధపడుతోందని గువ్వ అనుకుంది.

శనివారం మధ్యాహ్నం బడి నుంచి రాగానే గువ్వ పుస్తకం తిరగేసింది. ఎప్పుడో అక్క ఒక్కసారి చెప్పి వదిలేసిన పాఠం ఒకటుంది. స్విచ్‌కి కబుర్లు పంపడం నేర్పించవచ్చు. ఏ పోర్టుకి ఏమైనా సరే, జరిగిన క్షణంలోనే కంప్యూటరుకి నోటిఫికేషన్ కొడుతుంది. "మనకెందుకులే ఆ తలనొప్పి, ఇంత చిన్న ఆఫీసుకి" అంది అక్క అప్పుడు. కానీ గువ్వకి ఒక ఆశ పుట్టింది. లైను పడినప్పుడు ఎందుకు పడిందో పెట్టె నోటితోనే చెప్పిస్తే? తీగ లోపం కాకపోతే ఆ మాట పెట్టే చెబుతుంది కదా. గువ్వ చెబితే ఎవరూ వినకపోవచ్చు, దాని మాట వింటారు.

పెళ్ళి చూపులైన స్నేహితురాలితో అక్క ఫోన్లో ఉంది, మేడ మీంచి నవ్వులు వినిపిస్తున్నాయి. గువ్వ పెట్టె ముందు నిలబడి "ముట్టుకుంటున్నా" అంది. కుట్టుమిషను ఆగలేదు. ఇంకోసారి అంది. ఫ్యానుకి తప్ప ఎవరికీ వినపడి ఉండదు. ఎవరూ "ముట్టుకో" అనలేదు. కాసేపు చూసి, చేతులు లంగాకి తుడుచుకుని, కూర్చుని మొదలుపెట్టింది.

ముందు కబురు ఎవరికి పంపాలో చెప్పాలి. అంటే కంప్యూటరు చిరునామా, పుస్తకంలో ఎప్పుడో రాసుకున్నదే కొట్టింది. తర్వాత పెట్టెకీ కంప్యూటరుకీ మధ్య ఒక గుర్తు మాట పెట్టాలి, లేకపోతే కంప్యూటరు దాన్ని పరాయి మాట అనుకుని పారేస్తుంది. ఆఖరున ఏయే సందర్భాల్లో కబురు పంపాలో చెప్పాలి. పుస్తకంలో ఆ సందర్భాలు వరసగా ఉన్నాయి. తీగ ఊడితే, తీగ గుచ్చితే, పెట్టె వేడెక్కితే, కరెంటు మారితే, ఎవరైనా సెట్టింగులు మారిస్తే. గువ్వకి కావాల్సింది మొదటి రెండే. కానీ అది ఒకటి రాసి ఒకటి వదిలే రకం కాదు. అయిదూ కొట్టింది.

పరీక్షకని నాన్న పాత తీగ ఒకటి ఖాళీగా ఉన్న ఇరవయ్యో పోర్టులో గుచ్చి, లాగింది. కంప్యూటరు ఉలకలేదు పలకలేదు. మళ్ళీ గుచ్చి లాగింది. ఊహూఁ. పుస్తకం మొత్తం చదివి, గోళ్ళు కొరుక్కుని, అరగంటకి పట్టుకుంది. పెద్దనాన్న పొదుపని మధ్యాహ్నం కునుకు తీసే ముందు రోజూ కంప్యూటరు ఆపేస్తాడు. ఆపి తెరిచిన ప్రతిసారీ దాని చిరునామా మారిపోతోంది. పెట్టె పాపం పాత చిరునామాకి కబుర్లు పంపుతోంది. కదలకుండా ఒకే చిరునామా ఉండేలా కంప్యూటరుకి బిగించి, తీగ మళ్ళీ లాగింది.

టింగ్.

తెర మీద ఒక వరస వచ్చి కూర్చుంది. ఇరవయ్యో పోర్టు పడిపోయింది, కారణం తీగ ఊడింది. ఈసారి తీగ లాగకుండా, నల్ల తెర మీద వరస కొట్టి అదే పోర్టుని మూసింది. టింగ్. పోర్టు పడిపోయింది, కారణం చేత్తో మూశారు. దాని కింద ఇంకో వరస. సెట్టింగులు మార్చారు, మార్చినవారు గువ్వ.

ఒక యంత్రం తన పేరు రాయడం గువ్వ ఎప్పుడూ చూడలేదు. ఆ వరసని వేలితో తడిమింది. బళ్ళో పలికితే వినపడని పేరు.

సాయంత్రం నాన్న చేతులు కడుక్కుంటుంటే పక్కకి వెళ్ళి, "నాన్నా, ఈసారి పడితే ఎందుకు పడిందో నేను చెబుతాను" అంది.

"చెబుదువుగానిలే తల్లీ" అన్నాడు నాన్న, సగం వింటూ.

మర్నాడు, పైన చెప్పిన అయిదుగురూ ఇంట్లో ఉన్న ఆ ఆదివారం, పదకొండూ అయిదుకి కంప్యూటరు టింగ్‌మంది.

గువ్వ పై వరస చదివింది. మూడో పోర్టు పడిపోయింది. కారణం, చేత్తో మూశారు.

రెండోసారి చదివింది. ఊడలేదు, తెగలేదు. మూశారు. నాన్న తీగకి ఏమీ కాలేదు. రెండు నెలలుగా ఏమీ కాలేదు! కుర్చీ లోంచి దూకి నడవలోకి పరుగెత్తింది. పదహారేళ్ళలో ఎన్నడూ లేని గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది.

"నాన్న తప్పు కాదు! పెద్దనాన్నా, తీగ తప్పు కాదు! ఎవరో మూశారు!"

నానమ్మ చేతిలో బఠాణీలు ఒలికిపోయాయి. కుట్టుమిషను ఆగింది. పెద్దనాన్న ఫోను చెవి మీంచి తీసి, "ఎవరే ఈ అరిచింది?" అన్నాడు. నిజంగానే పోల్చుకోలేదు.

అందరూ ముందు గదికి వచ్చారు. అక్క కూడా దిగి వచ్చింది, భుజాల మీద తువ్వాలు, తడి జుట్టు. గువ్వ పై వరస మీద వేలు పెట్టి చూపించింది. తనే పెట్టె చేత కబుర్లు పంపిస్తున్నాననీ, నిన్ననే పెట్టాననీ, తీగ ఊడితే ఒకలాగా చేత్తో మూస్తే ఒకలాగా వస్తుందనీ గబగబా చెప్పేసింది. అన్ని మాటలు ఒక్కసారిగా అది మాట్లాడటం ఎవరూ చూడలేదు.

"కబుర్లా?" అంది అక్క. తువ్వాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

పెద్దనాన్న కళ్ళజోడు సవరించుకుని తెర మీదకి వంగాడు. పై వరస చదివాడు. తల ఊపాడు. తర్వాత గువ్వ చదవని రెండో వరస చదివాడు.

"సెట్టింగులు మార్చినవారు, గువ్వ" అని పైకి చదివాడు. "గువ్వంటే ఎవరే? ఈ ఇంట్లో ఎన్ని గువ్వలున్నాయి?"

గువ్వ వంగి చూసింది. నిజమే. తన పేరే.

"నేను కాదు" అంది. గొంతు అప్పటికే పాత గొంతైపోయింది.

"ఆ పేరుతో లోపలికి వెళ్ళగలిగేది ఎవరు?"

గువ్వ అక్క వైపు చూసింది. అక్క ఇప్పుడు చెబుతుంది అనుకుంది. పాస్‌వర్డు తనకీ తెలుసని, ఏదో పొరపాటు జరిగి ఉంటుందని, కూర్చుని చూద్దామని. అక్కకి తెలియనిది ఉండదు కదా.

అక్క నిట్టూర్చి, "దీనికి నేర్పించడం నాదే తప్పు నాన్నా. ఆటలెక్కువయ్యాయి" అంది.

పెద్దనాన్న వరసలు కిందికి జరుపుతూ పోయాడు. "ఇదిగో. నిన్న మధ్యాహ్నం ఇరవయ్యో పోర్టు. మార్చినవారు గువ్వ. చేత్తో మూశారు. అంటే నిన్న ప్రాక్టీసు, ఇవాళ అసలు పని. ఓహో." ఆయన నడుము నిటారు చేసుకున్నాడు. "వాళ్ళ నాన్న తీగకి మచ్చ రాకూడదని, తనే మూసి, ఎవరో మూశారని అరిచింది. బుర్ర ఉన్న పిల్లే. నేను మూగదనుకున్నాను."

"కాదు పెద్దనాన్నా..."

"నిన్న ముట్టుకునే ముందు అరిచావా?"

"అరిచాను."

"ఎవరు విన్నారు?"

నానమ్మ అమ్మ వైపు చూసింది, అమ్మ నానమ్మ వైపు చూసింది. "నేను మిషను మీద ఉన్నాను బావగారూ, వినపళ్ళేదేమో..." అంది అమ్మ నెమ్మదిగా.

"వినపడలేదు. సరే."

ఇంతలో అక్క గువ్వని కుర్చీ దగ్గర్నుంచి సున్నితంగా పక్కకి జరిపి, తన పేరుతో లోపలికి వెళ్ళి మూడో పోర్టు తెరిచింది. పచ్చ దీపం వెలిగింది. "హమ్మయ్య" అన్నాడు పెద్దనాన్న. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

నాన్న వచ్చేసరికి నడవలో అందరూ నిలబడే ఉన్నారు. నాన్న నిచ్చెన గోడకి ఆనించి, చెమట తుడుచుకుంటూ, "లైను వచ్చేసింది అన్నయ్యా, నేను చెయ్యి కూడా వేయలేదు" అన్నాడు. పెద్దనాన్న ఉన్నదంతా చెప్పాడు, లేనిది కొంచెం కలిపి చెప్పాడు. నాన్న గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులకి నూనె వాసన.

"నువ్వు చేశావా తల్లీ?"

"లేదు నాన్నా."

నాన్న కాసేపు దాని ముఖంలోకి చూశాడు. నిన్న సాయంత్రం చేతులు కడుక్కుంటూ సగం విన్న మాట గుర్తొచ్చిందేమో, ముఖం మారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నమ్మిన మనిషి కళ్ళు కావు. నా కోసం ఇంత పని చేశావా అని జాలిపడే కళ్ళు.

లేచి నిలబడ్డాడు. "దాన్నేమీ అనకు అన్నయ్యా. నేనే చేయమన్నాను."

"నాన్నా!"

"నువ్వు ఊరుకో."

"అయితే ఇన్నాళ్ళూ పడిందో?" అన్నాడు పెద్దనాన్న.

"తీగే అయ్యుంటుంది. పాతదైపోయింది. అమ్మాయి చెబుతూనే ఉంది కదా." నాన్న నడుముకున్న తోలు పట్టీ విప్పి, అందులోని కటింగ్ ప్లేయరు, టెస్టరు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "నెలాఖరుకి గదులు ఖాళీ చేస్తాను."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నానమ్మ మాత్రం ఊరుకోలేదు. "అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, తీగ పాతదైతే తీగ మార్చుకోండిరా, మనిషిని మారుస్తారేంటి?"

"నువ్వు లోపలికి పో అమ్మా" అన్నాడు పెద్దనాన్న.

గువ్వ వెనక గదిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. నాన్న కూడా నమ్మలేదు. ఎవరి కోసం గొంతు తెచ్చుకుందో ఆ మనిషే నమ్మలేదు. ఏడుపు రాలేదు. బుర్ర మాత్రం ఆగకుండా తిరుగుతోంది. కంప్యూటరుకి కబుర్లు నిన్నటి నుంచే వస్తున్నాయి. కానీ పెట్టెకి తన సొంత జ్ఞాపకం ఒకటుంది. ఎవరు ఏ రోజు ఏ పేరుతో లోపలికి వచ్చి ఏం మూశారో అందులో కొన్ని వారాల పాటు ఉంటుంది. మొన్న బుధవారం పదిన్నరకి మూడో వీధి పడింది. ఆ వేళకి గువ్వ బళ్ళో లెక్కల పరీక్ష రాస్తోంది. ఫోను లేదు, ఏమీ లేదు. ఆ రోజు కూడా గువ్వ పేరే ఉంటే, ఇంకెవరో ఆ పేరు వాడుతున్నారన్నమాటే కదా! పెద్దనాన్నకి చూపిస్తే చాలు. పరీక్ష పేపరు మీద మాస్టారి సంతకం కూడా ఉంది.

అడుగు ముందుకి వేసేసరికి ముందు గదిలోంచి అక్క గొంతు గట్టిగా, నియమం ప్రకారం, వినిపించింది.

"ముట్టుకుంటున్నా!"

కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న అమ్మ, ఎక్కడో చూస్తూ, అలవాటుగా అంది. "ముట్టుకో."

ఫ్యాను గురక ఆగిపోయింది.

గువ్వకి ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం తెలియదు. పెట్టె కరెంటు తీసేస్తే అప్పటిదాకా దాచుకున్న జ్ఞాపకం మొత్తం పోతుంది. 'కరెంటు పోయిందంటే దానికి నిన్నటిది గుర్తుండదు, మన నానమ్మ లాగ' అని అక్కే చెప్పింది. గువ్వ రాసుకుంది కూడా.

నడవలో పెద్దనాన్న, "ఇప్పుడెందుకమ్మా ఆపావు? అన్ని వీధులూ పోతాయి" అంటున్నాడు.

"ఒక్క నిమిషం నాన్నా. అది ఏమేం గెలికిందో, శుభ్రంగా మళ్ళీ మొదలుపెడుతున్నా. దాని పేరు కూడా తీసేశాను. ఇంక లోపలికి రాలేదు."

ఫ్యాను మళ్ళీ మొదలైంది. కొంచెం సేపటికి అక్క పాదాల చప్పుడు మేడ మెట్ల మీద.

అప్పటిదాకా గువ్వ ఒక్కటే అనుకుంటూ వచ్చింది, అక్క పొరబడిందని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని నానమ్మ అంటుంటే నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. మెట్లెక్కింది.

అక్క గది తలుపు ఓరగా ఉంది. అక్క మంచం మీద కూర్చుని జడ అల్లుకుంటోంది. పక్కన ల్యాప్‌టాప్ తెరిచే ఉంది.

"బుధవారం నేను పరీక్ష రాస్తున్నానక్కా" అంది గువ్వ, గుమ్మంలో నిలబడి.

అక్క జడ ఆపలేదు. అల్లిక మాత్రం తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"తెలుసు" అంది చివరికి.

"మరి?"

అక్క లేచి గుమ్మం దాకా వచ్చింది. కింద ఎవరైనా ఉన్నారేమోనని చూసి, గొంతు తగ్గించింది. "నేను బాబాయిని ఏమీ చేయాలనుకోలేదే. తీగ మీద తప్పు పెట్టాలనుకున్నాను. రెండేళ్ళుగా చెబుతున్నాను ఫైబర్ వేద్దామని. ఎవరైనా విన్నారా? నాలుగు సార్లు పడితే తీగ మారుస్తారనుకున్నాను. మా నాన్న తీగని వదిలేసి మనిషిని పట్టుకుంటాడని నాకేం తెలుసు?"

"శుక్రవారం తెలిసింది కదా."

అక్క జడ కొసని వేలికి చుట్టుకుంది.

"శుక్రవారం నీ ముందే అన్నాడు కదక్కా, ఇంకొక్కసారి పడితే పంపించేస్తానని. ఇవాళ మళ్ళీ ఎందుకు మూశావు?"

"ఇవాళ ఫైబర్ వాళ్ళతో మాట్లాడుతున్నాడు నాన్న, ఫోన్లో. బేరం తెగట్లేదు. ఇంకొక్కసారి పడితే ఒప్పేసుకుంటాడనిపించింది." అక్క చూపు తిప్పుకుంది. "ఒప్పుకున్నాడు కూడా. ఎల్లుండి వస్తున్నారు."

"మరి నా పేరెందుకు?"

అక్క మొదటిసారి దాని కళ్ళలోకి చూసింది. "నీ పేరైతే ఎవరూ కొట్టరనుకున్నాను. ఎప్పుడైనా బయటపడినా, చిన్నపిల్ల, ఆడుకుంటూ ఏదో నొక్కింది అని నవ్వి వదిలేస్తారు. నా పేరైతే వదలరు."

గువ్వ ఆ మాటని లోపల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అందుకే ఇచ్చావా ఆ పేరు? మొదట్నుంచీ?"

"కాదు." అక్క తల అడ్డంగా ఊపింది. "అప్పుడు నిజంగానే నీకోసమే పెట్టాను. తర్వాత... అది అక్కడ ఉంది కాబట్టి."

కింద నిచ్చెన జరిపిన చప్పుడైంది. నాన్న దాన్ని పెరట్లో పెడుతున్నాడు. ఇంక అది ఆఫీసు నిచ్చెన, నాన్నది కాదు.

"కిందికి రా అక్కా. చెప్పు. ఒక్కమాట. నువ్వు చెబితే నమ్ముతారు."

"నమ్మితే ఏమవుతుందో తెలుసా నీకు? నన్ను ఇంక ఆ గదిలో అడుగు పెట్టనివ్వరు. ఫైబరూ లేదు, నా చదువుకి పనీ లేదు. పెళ్ళి చేసి పంపించేస్తారు."

"మేం పోవాలి కదా మరి. నాన్న నలభై ఆరేళ్ళకి ఎవరి స్తంభం ఎక్కుతాడు?"

"బాబాయికి పని దొరుకుతుంది. పనిమంతుడు. నేనే ఎక్కడైనా చెబుతాను."

"ఆయన నేనే చేశాననుకుంటున్నాడు. నాకోసం అబద్ధం ఆడాడు. పోనీ పెద్దనాన్నకి వద్దు. మా నాన్నకి ఒక్కడికి చెప్పు, నేను చేయలేదని. అంతే. ఇంకేం అడగను."

అక్క పెదాలు కదిలాయి. వస్తుందనే అనుకుంది గువ్వ. అక్క చెప్పులు కూడా వేసుకుంది. ఒక కాలు గడప మీద పెట్టింది. అంతలో కింద నుంచి పెద్దనాన్న పిలుపు, ముద్దుగా, గర్వంగా. "అమ్మడూ, ఫైబర్ వాళ్ళు మళ్ళీ ఫోను చేశారే. నువ్వే మాట్లాడాలట. ఇంజనీరు ఎవరని అడుగుతున్నారు, మా అమ్మాయే అని చెప్పాను!"

"అయిదు నిమిషాల్లో వస్తున్నా నాన్నా!" అంది అక్క. కాలు వెనక్కి తీసుకుంది.

గువ్వ తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. అడగవలసినవన్నీ అయిపోయాయి.

"చెయ్యి తియ్యవే, నలుగుతుంది" అంది అక్క. ఎప్పటి గొంతే. నల్ల తెర ముందు పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు కొడితే వేలు పట్టుకుని సరిచేసిన గొంతు.

గువ్వ చెయ్యి తీసింది. అక్క తలుపు వేసేసుకుంది.